బాటా పెట్టెలో లాటిన్

కార్తీకమాసంలో మా అమ్మాయి వాళ్లింటికి వెళ్లాను. చలి మొదలైందని అటక మీది స్వెటర్ల పెట్టె దించి మూత తీశారు. నాఫ్తలీన్ వాసన గుప్పుమంది. మనవడు ముక్కు మూసుకుని అవతలి గదిలోకి పరిగెత్తాడు, నేను మాత్రం అక్కడే కూర్చుండిపోయాను. వాళ్లకది బట్టల పెట్టె వాసన. నాకది తిరుపతిలో మా బోటనీ డిపార్ట్‌మెంట్‌లో ఎండు మొక్కలు దాచే హెర్బేరియం గది వాసన. వరసగా స్టీలు బీరువాలు, వాటిలో దొంతర్లుగా ఎండు మొక్కల షీట్లు, కిటికీ లోంచి శేషాచలం కొండ, బల్ల మీద చెప్పుల పెట్టెలో నా లాటిన్ కార్డులు. ఆ రోజుల గురించి రాయాలని ఎప్పటినుంచో ఉంది, ఇప్పుడు రాసేస్తున్నాను.

నాకు లాటిన్ వచ్చంటే చాలామంది నమ్మరు. మాది మదనపల్లె దగ్గర పల్లెటూరు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంగ్లీషే కాలేజీకి వచ్చాక కూడబలుక్కున్నాను. డిగ్రీ కాలేజీలో బోటనీ లెక్చరర్‌గా కొన్నేళ్లు చేశాక, ఎఫ్‌ఐపీ అని లెక్చరర్లు పీహెచ్‌డీ చేసుకోవడానికి ఉన్న పథకం కింద జీతంతో సెలవు దొరికితే పీహెచ్‌డీ చేద్దామని తిరుపతి వచ్చాను. అప్పటికే ముప్ఫై దాటాయి, పాప బడికి వెళ్తోంది. మొక్కల వర్గీకరణ, అంటే టాక్సానమీ తీసుకున్నాను. అందులో దిగాక తెలిసింది లాటిన్ ఎంత అవసరమో.

పేర్లు లాటిన్‌లో ఉంటాయన్నది అందరికీ తెలిసిందే. 1753లో లిన్నేయస్ పుస్తకంతో స్థిరపడిన రెండు మాటల పేర్లు, వేపను అజాడిరక్టా ఇండికా అనడం, ఇంటర్ పిల్లలు కూడా బట్టీ పడతారు. నేను చెప్పేది అది కాదు. ఎవరైనా ఒక కొత్త జాతి మొక్కను కనుక్కుంటే, దాని పేరు చెల్లాలంటే, ఆ మొక్క వర్ణనో, లేదా దగ్గరి చుట్టాలైన మొక్కలతో దానికున్న తేడా చెప్పే నాలుగు పంక్తులో లాటిన్‌లో రాసి అచ్చు వేయించాలి. 1935 జనవరి 1 నుంచి 2011 చివరిదాకా అదీ నిబంధన. తలకోన అడవిలో దొరికినా, బ్రెజిల్‌లో దొరికినా ఒకటే. ఎంత కష్టపడి కొండెక్కి తెచ్చినా ఆ నాలుగు పంక్తులు లేకపోతే ఆ పేరు లేనట్టే.

మా ముందటి వాళ్లు ఆ నాలుగు పంక్తుల కోసం కోయంబత్తూరుకో కలకత్తాకో ఉత్తరం రాసి, తెలిసిన పెద్దవాళ్లను బతిమాలి, నెలల తరబడి జవాబు కోసం చూసేవారు. ఒకరోజు మా సార్ కొండ మీంచి తెచ్చిన ఒక చిన్న మొక్క షీటు నా ముందు పెట్టి, "ఇది గేంబుల్‌లో కుదరట్లేదమ్మా, కొత్తదేమో. దీనికి లాటిన్ ఎవరితో రాయిద్దాం?" అన్నారు. గేంబుల్ అంటే మద్రాసు ప్రెసిడెన్సీ మొక్కల మీద 1915 నుంచి 1936 దాకా భాగాలుగా వచ్చిన గ్రంథం, మా అందరికీ రోజూ చేతిలో ఉండేది. నేనేమీ మాట్లాడలేదు. ఆయనే కాసేపాగి, "ప్రతిసారీ అడుక్కోవడమెందుకు, నువ్వు నేర్చుకో" అన్నారు. అంతే, అలా మొదలైంది.

*

లైబ్రరీలో విలియం స్టెర్న్ రాసిన బొటానికల్ లాటిన్ ఒక్క కాపీ ఉండేది. 1966లో మొదటిసారి వచ్చిన పుస్తకం. ఆయన యూనివర్సిటీ డిగ్రీ లేకుండా, కేంబ్రిడ్జ్‌లో పుస్తకాల షాపులో పనిచేస్తూ సొంతంగా మొక్కల శాస్త్రం నేర్చుకున్న మనిషని ఎక్కడో చదివాక నాకు కొంచెం ధైర్యం వచ్చింది. ఆ పుస్తకం ఇంటికివ్వరు. అక్కడే కూర్చుని చదువుకోవాలి. మధ్యాహ్నం అన్నం తిన్నాక రెండు గంటలు దాని ముందు కూర్చునేదాన్ని. ఎండాకాలంలో ఫ్యాను గరగరలాడుతుంటే పేజీల మీద చెయ్యి పెట్టుకుని నోట్సు రాసుకోవడం, ఐదు కాగానే అటెండర్ కిటికీలు ఒక్కొక్కటే దబదబా మూయడం, ఆ చప్పుడు వినగానే రాస్తున్న మాట మధ్యలో ఆపి లేవడం. ఇప్పటికీ కిటికీ రెక్క చప్పుడైతే చేతిలో పెన్ను ఆగుతుంది.

భయపడినంత కష్టం కాలేదు. దానికి కారణం మా పల్లెటూరి బడి అని నా నమ్మకం. మొక్కల వర్ణనలో క్రియలు దాదాపు ఉండవు. హెర్బా ఆన్నువా, కావులే ఎరెక్తో, ఫోలియిస్ ఓవాతిస్, ఫ్లోరిబుస్ ఆల్బిస్. ఏడాది బతికే మొక్క, నిటారు కాండంతో, అండాకారపు ఆకులతో, తెల్లని పూలతో. చేతన్ చేన్ తోడన్ తోన్ తృతీయా విభక్తి అని చేతులు కట్టుకుని వల్లించిన వాళ్లకు ఆ చివర్లు చూస్తే బెదురేముంటుంది? మాట చివర మారితే దాని పని మారుతుందని మనకు చిన్నప్పటినుంచీ తెలుసు. క్రియ లేకుండా వాక్యం ముగించడమూ మనకు అలవాటే. మాతో ఉన్న కాన్వెంటు చదువుల స్నేహితులకు అక్కడే తిప్పలు ఎదురయ్యాయి, నాకు అక్కడ హాయిగా ఉండేది.

నాకు కష్టమైంది విశేషణం. మనకు మంచి అబ్బాయి, మంచి అమ్మాయి, మంచి చెట్టు. మంచి మారదు. లాటిన్‌లో నామవాచకం ఏ లింగమో, ఏ వచనమో, ఏ విభక్తో విశేషణం కూడా దాన్నే పట్టుకుని నడవాలి. పైగా చెట్ల పేర్లు చూడ్డానికి పుంలింగంలా ఉన్నా స్త్రీలింగాలు. రావిచెట్టు ఫైకస్, పక్కన రెలిజియోసా. మేడి ఫైకస్, పక్కన రసిమోసా. ఉస్ అని ముగిసే మాట పక్కన ఆ చివర్లేమిటని అందరూ తికమకపడతారు. మా ఊళ్లో వేపచెట్టుకు చీర కట్టి, పసుపు రాసి, అమ్మా అని దండం పెట్టేవాళ్లం. చెట్టు ఆడది అంటే నాకు వెంటనే మనసుకు పట్టేసింది, మళ్లీ ఎవరూ చెప్పాల్సిన అవసరం రాలేదు.

*

కార్డుల సంగతి చెప్పాలి, అసలు ఈ రాతంతా దాని కోసమే.

స్టెర్న్ పుస్తకం చివర పెద్ద పదకోశం ఉంది. జెరాక్స్ తీయించుకుంటే నాకూ ఉండేది. కానీ ఇంగ్లీషు అర్థం చదివితే నాకు ఏమీ కనపడేది కాదు. టొమెంటోసస్ అంటే మందంగా అల్లుకుపోయిన నూగు, విల్లోసస్ అంటే పొడవైన మెత్తని నూగు, అని రాసి ఉంటే రెండూ ఒకేలా అనిపించేవి. అందుకని సొంతంగా తయారు చేసుకోవాలనుకున్నాను. కార్డులు కొనడానికి డబ్బు దండగ. ఇంట్లో శుభలేఖలు కుప్పలుగా ఉండేవి. మా అత్తగారు పెళ్లి కార్డు పారేయనిచ్చేవారు కాదు. వాటి ఖాళీ వైపు సమంగా కత్తిరించి వాడుకున్నాను. అందుకే నా లాటిన్ కార్డులకు చాలావాటికి మూలల్లో పసుపు మరక ఉంటుంది, వెనక్కి తిప్పితే సగం తెగిన "ఆశీర్వదించ ప్రార్థన".

కార్డు పైన మాట, దాని షష్ఠి రూపం, లింగం. కింద వర్ణనలో ఎక్కువగా వాడే తృతీయ లాంటి రూపం, ఏకవచనం, బహువచనం. దాని కింద తెలుగులో అర్థం. అన్నిటికంటే కింద, నేను స్వయంగా ఆ లక్షణం చూసిన మొక్క పేరు, చూసిన చోటు. ఈ చివరి పంక్తి నిండితేనే కార్డు పెట్టెలోకి వెళ్లాలని నియమం పెట్టుకున్నాను. లేకపోతే అది బయటే, రబ్బరు బ్యాండు కింద ఉండాలి.

ఆ నియమం వల్ల నేను తిరగని చోటు లేదు. గ్లాబర్, నూగు లేని నున్నని ఆకు, మామిడి. స్కాబర్, గరుకు, పారిజాతం ఆకు మీద వేలు రాస్తే చాలు. టొమెంటోసస్‌కు జిల్లేడు లేత ఆకు అడుగుభాగం. సెరీసియస్, పట్టులా మెరిసే నూగు, విష్ణుక్రాంత. విస్కోసస్, జిగురు, కుక్కవామింట. కార్డేటస్‌కు తిప్పతీగ, సెర్రేటస్‌కు వేపాకు అంచు రంపపు పళ్లు, అక్యూమినేటస్‌కు రావి ఆకు కొన. పెల్టేటస్, తొడిమ ఆకు మధ్యలో అతుక్కున్నది, తామరాకు. బైపిన్నేటస్‌కు తుమ్మ. ప్రూరియెన్స్ అంటే దురద పెట్టేది, దూలగొండి కాయ, దానికి మాత్రం దూరం నుంచే చూసి రాసుకున్నాను. నివియస్ అంటే మంచులాంటి తెలుపు. మంచు నేనెప్పుడూ చూడలేదు, నందివర్ధనం పువ్వని రాసుకున్నాను. పాలలాంటి తెలుపు వేరు, ఏనుగు దంతం తెలుపు వేరు, సుద్ద తెలుపు వేరు, ప్రతిదానికీ మాట ఉంది. పసుపులోనూ అంతే, గుడ్డుసొన రంగుకు విటెల్లినస్, ఎండుగడ్డి రంగుకు స్ట్రామినియస్.

పాపకు కూడా ఇది ఆటైపోయింది. సాయంత్రం నడుచుకుంటూ వస్తుంటే గోడవారన ఏ మొక్క కనపడినా ఆకు తిప్పి అడుగుభాగం చూసి, "అమ్మా, నూగుంది" అని అరిచేది. ఏ నూగు అని అడిగేదాన్ని. చెంపకు రాసుకుని చెప్పేది.

*

రూపాలు సరిచూసేవాళ్లు కావాలి కదా. డిపార్ట్‌మెంట్‌లో ఎవరికీ అంత రాదు. మా సార్‌కు తెలిసిన ఒక రిటైరైన కతోలిక ఫాదర్ ఊళ్లో చర్చి ప్రాంగణంలోనే ఉండేవారు, గుంటూరు వైపు మనిషి. వాటికన్ రెండో మహాసభ 1960లలో ప్రజల భాషల్లో పూజకు దారి తెరవక ముందు చదువుకున్న తరం. సెమినరీలో ఆయన పాఠాలూ, పరీక్షలూ లాటిన్‌లోనే జరిగేవట. ఆదివారం మధ్యాహ్నాలు నేను నా కార్డులు, ఒక కవర్‌లో రెండు మూడు మొక్కలు పట్టుకుని వెళ్లేదాన్ని.

మొదటిరోజు నేను రాసిన వర్ణన గట్టిగా చదివారు. మా సార్ సెరీసియస్ అనే మాటను ఆయన సెరీచెఉస్ అన్నారు, రోము పద్ధతి. ఆ గొంతులో నా ఆకులూ కాయలూ ప్రార్థనలా వినిపించాయి. చదివి కళ్లజోడు తీసి, "అమ్మా, ఇందులో క్రియ ఏది? వాక్యం ఎక్కడ మొదలైంది?" అన్నారు.

"మొక్కల వర్ణన ఇలాగే రాస్తారు ఫాదర్, క్రియ ఉండదు."

"అయితే నాకు మొక్క చూపించు."

చూపించాను. ఒక్కొక్క మాటా చదువుతూ ఆకు మీద ఆ సంగతి వెతుక్కున్నారు. స్టిపుల్ అంటే ఏమిటో ఆయనకు తెలియదు, తొడిమ దగ్గర చిన్న రెక్కలు చూపించాను. బహువచనంలో తృతీయ లాంటి రూపం అన్నిటికీ ఇస్ రాదని, కొన్నిటికి ఇబుస్ వస్తుందని, అది ఏ గుంపు మాటో తెలియాలంటే షష్ఠి చూడాలని ఆయన చెప్పారు. "ఫ్లోస్ అని నేర్చుకుంటే సగమే నేర్చుకున్నట్టు. ఫ్లోస్, ఫ్లోరిస్ అని జంటగా నేర్చుకో" అనేవారు. కార్డు మీద షష్ఠి రూపం వచ్చి చేరింది ఆయన వల్లే. పాతవాటన్నిటిమీదా మళ్లీ కూర్చుని రాశాను.

ఆ తర్వాత నేను వెళ్లగానే మొదటి మాట "ఏమ్మా, ఈరోజు ఏ ఆకు తెచ్చావు?" అనే. పాఠం అయ్యాక చర్చికి వచ్చే ముసలమ్మలు ఆయన అరుగు మీద కూర్చునేవారు. వాళ్లకు చిన్నప్పటి లాటిన్ పాటలు ఇంకా నోటికొచ్చు. తాంతుమ్ ఎర్గో మొదలుపెడితే చివరిదాకా తప్పిపోకుండా పాడేవారు. ఫాదర్ చేత్తో తాళం వేసేవారు. నేను పాప ఎదురుచూస్తుంటుందని తెలిసీ లేవలేకపోయేదాన్ని.

*

నెలకు ఒకటి రెండుసార్లు కొండకు వెళ్లేవాళ్లం. తలకోన, మామండూరు, నాగపట్ల అడవులు. దారి చూపించడానికి ఒక యానాది పెద్దాయన వచ్చేవారు, తాతా అని పిలిచేవాళ్లం. ఆయన ఆకు నలిపి వాసన చూసి, బెరడు గోటితో గీకి రంగు చూసి చెట్టు పేరు చెప్పేవారు. పూవు ఉంటే తప్ప మేం చెప్పలేని వాటిని ఆయన ఎండాకాలంలో మోడు చూసి చెప్పేవారు. తెల్లకరక, తంబజాలారి, మొగి, కొండ సాంబ్రాణి. కార్డుల్లో ఆయన పేర్లన్నీ ఉన్నాయి. ఈ మాటలకు విలువుందని కొత్తగా నేనేమీ కనిపెట్టలేదు. రాక్స్‌బర్గ్ అనే స్కాట్లాండు డాక్టరు సామర్లకోటలో తోట పెంచుతూ కోరమాండల్ తీరపు మొక్కల మీద రాసినప్పుడు తెలుగు పేర్లు అడిగి మరీ రాసుకున్నాడు. సోమిద చెట్టు జ్వరానికి పనికొస్తుందని ఫెబ్రిఫ్యూగా అని పేరు పెట్టింది ఆయనే. ఇప్పుడు దాని శాస్త్రీయ నామం సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా, ముందుమాట మన సోమిదే. తంబజాలారి శాస్త్రీయ నామం షోరియా టుంబుగ్గాయాలోనూ తెలుగు మాట అలాగే ఉండిపోయింది. ఆయనకు పేర్లు చెప్పినవాళ్లెవరో, వాళ్ల పేర్లేమిటో ఎక్కడా రాయకపోవడం నాకు ఇప్పటికీ నొప్పిగా ఉంటుంది. నా కార్డుల్లో తాత పేరు రాసుకున్నాను.

తెచ్చిన మొక్కల్ని పాత పేపర్ల మధ్య పరిచి ప్రెస్‌లో బిగించాలి. రోజూ పేపర్లు మార్చాలి. వానాకాలంలో అయితే బూజు పట్టకుండా కిరసనాయిలు స్టవ్వు వెలిగించి, మార్చిన పేపర్లు దాని పక్కన ఆరబెట్టేవాళ్లం. ఎండాక మందులో ముంచడం, షీటుకు సూదీ దారంతో కుట్టడం, లేబుల్ అంటించడం. ఆ కుట్టడం నాకు ఇష్టమైన పని. చిన్న పూలు విప్పి చూస్తున్నప్పుడు ఫ్యాను ఆపేయాలి, లేకపోతే రేకులు ఎగిరిపోతాయి. జూన్ నెలలో ఫ్యాను లేకుండా, చెమట లెన్సు మీద పడకుండా తల పక్కకు తిప్పుకుంటూ, పిలిస్ లాంగిస్, పొడవైన నూగుతో, అని గొణుక్కుంటూ కూర్చోవడం. అలాంటి మధ్యాహ్నాలు ఇప్పుడెవరికీ ఉండవేమో.

సార్ ఇచ్చిన ఆ మొదటి మొక్క కోసం రేణిగుంటలో రైలెక్కి కోయంబత్తూరు వెళ్లాం. మద్రాస్ హెర్బేరియం అక్కడే, బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్షిణ కేంద్రంలో ఉంది. మొక్కకు మొదట పేరు పెట్టినప్పుడు ఆధారంగా తీసుకున్న నమూనా షీట్లను అక్కడ విడిగా భద్రపరిచారు. చేతులు తుడుచుకుని, ఊపిరి బిగబట్టి ఒక్కొక్కటీ తిప్పాం. మూడోరోజు మా మొక్క దొరికింది. ఎప్పుడో ఎవరో పేరు పెట్టేసిన మొక్కే, మన కొండల్లో మాత్రం అంతవరకూ ఎవరూ చూడలేదు. సార్ నవ్వి, "పోన్లేమ్మా, మన కొండకొక చుట్టం దొరికింది" అన్నారు. నేను రాసిన లాటిన్ అచ్చుకెక్కలేదు. దానికోసం రాసిన కార్డులన్నీ పెట్టెలోకి వెళ్లాయి, తర్వాత అవే పనికొచ్చాయి.

ఎందుకంటే మాకంటే ముందు చేరిన ఒక సీనియర్ అన్నయ్యకు నిజంగానే కొత్త మొక్క దొరికింది. వర్ణన నేనే రాశాను. టైపిస్టు దగ్గర కూర్చుని ఒక్కొక్క అక్షరం చెప్పి టైపు చేయించాను, ఆయనకు అర్థంకాని భాష కనుక ప్రతి మాటా రెండుసార్లు. కాగితం ఫాదర్‌కు చూపిస్తే ఒక చివర మార్చి, మిగతాదంతా బాగుందన్నారు. పత్రిక వచ్చాక తీసుకెళ్లి చదివి వినిపించాను. మంచం మీద ఉన్నారు అప్పటికి. "ఈ భాషలో చాలా ఏళ్ల తర్వాత కొత్త సంగతి విన్నానమ్మా" అన్నారు. ఆ ఏడాదే పోయారు. అంత్యక్రియల్లో ఆ ముసలమ్మలు పాడుతుంటే నాకు ప్రతి మాటా అర్థమైంది.

*

2011లో మెల్‌బోర్న్‌లో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభలో నిబంధన మార్చారు. 2012 జనవరి 1 నుంచి లాటిన్‌లో గానీ ఇంగ్లీషులో గానీ రాయొచ్చు. మార్చింది మంచిదే అనుకున్నాను. ఎంతోమంది పిల్లలకు ఆ నాలుగు పంక్తులు గోడలా అడ్డుపడేవి. కానీ పోయిందేమిటో కూడా నాకు తెలుసు. లాటిన్‌లో రాయాలంటే అది ఏ నూగో, ఏ తెలుపో ముందు తేల్చుకోవాలి, తేలాలంటే మొక్క దగ్గరికి మళ్లీ వెళ్లాలి. ఇప్పుడు నా దగ్గరికి చూడమని వచ్చే కాగితాల్లో హెయిరీ అని రాసేసి దాటిపోతున్నారు. అలాంటిది కనపడితే ఊరుకోను, ఫోన్ చేసి ఏ నూగో అడుగుతాను.

పాత వర్ణనల అవసరమూ పోలేదు. 1935 నుంచి 2011 దాకా పేరు పెట్టిన మొక్కలకు వర్ణనో, తేడా చెప్పే పంక్తులో లాటిన్‌లోనే ఉన్నాయి, అంతకుముందువాటిలోనూ చాలావాటికి అంతే. మొక్క గుర్తుపట్టాలంటే అవి చదవాల్సిందే. పిల్లలు వాట్సాప్‌లో పేజీ ఫొటో పంపిస్తారు, నేను తెలుగులో చెప్పి వాయిస్ మెసేజ్ పెడతాను. కార్డులన్నీ మా చెల్లెలి కూతురు ఎక్సెల్‌లోకి ఎక్కిస్తోంది. మొక్క పేరు, చూసిన చోటు ఉన్న కాలమ్ తీసేద్దాం పెద్దమ్మా, అందరికీ పనికిరాదు అంది. కుదరదన్నాను. ఇప్పుడు ఇంకో కాలమ్ కూడా పెట్టించాను, వాడుకునేవాళ్లు తాము చూసిన మొక్క రాసుకోవడానికి, ఖాళీగా. శ్రీకాకుళం పిల్లకు జిల్లేడు సరిపోతుంది గానీ అమెరికాలో ఉన్న పిల్లకు అక్కడి మొక్క కావాలి కదా.

మీలో ఎవరికైనా పాత లాటిన్ వర్ణన దగ్గర పని ఆగిపోతే పంపండి. ఉదయం పదింటి తర్వాత ఖాళీగానే ఉంటాను. మొక్క ఫొటో కూడా పెట్టండి, పువ్వూ, ఆకు అడుగుభాగం రెండూ కనపడేలా.